మూడు జతల రాకాసులు

ఆ రోజుల్లో నంద్యాలలో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి దగ్గరికి పోవలసిన వస్తువు. గుడి తర్వాత అంత మర్యాద దానికే దక్కేది. దుమ్ము పడితే పాడైపోతుందని కారణం చెప్పేవాళ్లు గానీ, లోపల ఫ్యాను కింద కూర్చున్న మాలాంటి బోధకుల ముఖాల్లోని గర్వానికి దుమ్ముతో సంబంధం లేదు. నేను అప్పుడే డిగ్రీ ముగించి, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చి, ఒక మేడ మీద గదిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. ఈరోజు చెప్పే పాఠం నిన్న సాయంత్రం నేర్చుకున్నదే. చదివిన నవలలు చాలా ఉండేవి. చూసిన లోకం మాత్రం సిరివెళ్ల దాకా ఉండేది (మా ఊరికీ నంద్యాలకూ నడుమ బస్సు ఆగే ఊరు అది). ఈ రెండూ సమానం కావని చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. దొరికినా వినేవాణ్ని కాదు. జీవితం గురించి నాకు తెలియనిది ఉందని ఆ వయసులో ఎవరూ నన్ను నమ్మించలేకపోయారు.

ఆ సెంటరు యజమానిని అందరూ సీడీ అన్న అనేవాళ్లం. పెండ్లికి పోయినా చంకలో సీడీల సంచి ఉండేది. ఆయన ఎక్కడినుంచో ఒక రాకాసుల ఆట తెచ్చాడు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరి దగ్గర ఆరు రాకాసులు. ఒకసారికి ఒకటే బరిలోకి దిగుతుంది. నిప్పు కక్కేవి, నీళ్లు చిమ్మేవి, రాతి ఒళ్లు ఉన్నవి, తీగల్లాంటి చేతులున్న పచ్చనివి, ఇలా జాతులు. నిప్పును నీళ్లు ఆర్పుతాయి, నీళ్లను పచ్చజాతి పీల్చేస్తుంది, పచ్చజాతిని నిప్పు కాలుస్తుంది. పడిపోయిన దాని స్థానంలో ఇంకొకటి వస్తుంది. ఆరూ పడితే ఓడినట్టు. ఆడుకుని ఇంటికి పోతే సరిపోయేది. కానీ సీడీ అన్న ఇంటర్నెట్టులో చదివి దీనికి ఒక లీగు పెట్టాడు. రాకాసుల బొమ్మలన్నీ అచ్చువేసి గోడకు అంటిస్తారు. వంతుల ప్రకారం ఒక్కొక్కరూ ఒక్కొక్క దాన్ని కోరుకోవాలి. ఒకరు కోరుకున్నది సీజన్ ముగిసేదాకా ఇంకొకరికి దక్కదు. జట్టుకు ఇద్దరు ఉండాలి (ఒకడు ఆడితే ఇంకొకడు తప్పు పట్టడానికి అని సీడీ అన్న వివరణ). ఒక ఆదివారం నంద్యాలలో, మరో ఆదివారం ఆళ్లగడ్డలో ఆయన బామ్మర్ది నడిపే నెట్ సెంటర్లో. మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు కప్పు, చివరి స్థానంలో నిలిచిన జట్టుకు వచ్చే సీజన్‌లో చోటు లేదు. నేను ఆ నియమాలను రాజ్యాంగం చదివినంత శ్రద్ధగా చదివాను. లేనిదల్లా జట్టులో రెండో మనిషి. నా స్నేహితులందరూ అప్పటికే వేరే జట్లలో కుదిరిపోయారు. నాతో కూర్చుంటే తప్పులు పట్టే వంతు తమకు రాదని వాళ్ల అనుమానం.

సరిగ్గా అప్పుడే మా పెదనాయన ఎద్దు చచ్చిపోయింది. జతలో దాపటిది, అంటే కాడికి ఎడమవైపు కట్టేది. ఆ జత మా వైపు బండలాగుడు పందేల్లో పేరున్నదే. పందేల వయసు దాటాక సేద్యంలోనూ అంతే. రెండూ ఒకే ఎత్తు, ఒకే తెలుపు. దూరం నుంచి చూస్తే ఒకే ఎద్దు తన నీడను పక్కన నడిపించుకుపోతున్నట్టు ఉండేది. దాపటిది పోయాక పెదనాయన పొలం మొహం చూడలేదు. కొట్టంలో మంచం వేసుకుని, మిగిలిన ఎద్దుకు ఎదురుగా కూర్చునేవాడు. అదీ మేసేది కాదు, ఈయనా తినేవాడు కాదు. మా పెద్దమ్మ ఒకరోజు నన్ను వాకిట్లో పట్టుకుంది.

“ఒరే, మీ పెదనాయనను యాడికన్నా పిల్చకపోరా.”

“ఎక్కడికి పెద్దమ్మా?”

“యాడికైనా. నేను పోయినా ఇన్ని దినాలు కూర్చోడు ఆయప్ప. ఎద్దు మొగం ఈయప్ప సూస్తాడు, ఈయప్ప మొగం ఎద్దు సూస్తాది. నడాన నేను ఇద్దరికీ బువ్వ పెట్టి, ఇద్దరి బువ్వా ఎత్తిపోస్తాండా.”

ఒక్క దెబ్బకు రెండు పనులు చక్కబెట్టే తెలివి నాకు తప్ప ఇంకెవరికి వస్తుందని పొంగిపోయి, పెదనాయన పేరు రెండో ఆటగాడిగా రాయించేశాను. ఆయనకు చెప్పింది మాత్రం ఇంతే: “ఆదివారం నంద్యాలలో పందెం ఉంది, జతలను ఎంచాలి, నువ్వు రావాలి.” పందెం అనే మాట విని ఆయన మంచం మీద నుంచి లేచి తలగుడ్డ కట్టుకున్నాడు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి బస్సు కనుమరుగయ్యేదాకా చూసింది. పెదనాయన ఆదివారాలు ఇంటి బయట గడిపితే చాలని ఆమె కోరిక. నాకు కప్పు గెలవాలని కోరిక. రెండూ ఒకే బస్సు ఎక్కాయి.

ఎంపిక రోజున పెదనాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, గోడ నిండా ఉన్న బొమ్మలను చివరినుంచి చివరిదాకా చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. గదిలో ఉన్నవాళ్లం లేచి నిలబడ్డాం. మేమందరం కుర్రవాళ్లం. మాలో పెద్దవాడు లెక్కల సారు, ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆదివారం చర్చి అయ్యాక తెల్లచొక్కాతోనే నేరుగా వచ్చేవాడు, అందుకే మా పందేలు ఆరాధన ముగిసేదాకా మొదలయ్యేవి కావు. ఆయన కూడా లేచి పెదనాయనకు కుర్చీ ఇచ్చాడు.

“ఇవన్నీ ఏ ఊరివప్పా?” అన్నాడు పెదనాయన.

“ఏ ఊరివీ కాదు పెద్దాయనా, కంప్యూటర్‌లో ఉంటాయి,” అన్నాడు సీడీ అన్న.

“ఉండనీలే. పండ్లు సూసినారా? ఎన్ని పండ్లవి?”

బండలాగుడు పందేల్లో ఎద్దులను పళ్ల లెక్కన విభజిస్తారని మాలో సగంమందికి తెలుసు. నిప్పు కక్కేదాని నోట్లో చిత్రకారుడు గీసిన కోరలు ఎవరూ లెక్కపెట్టలేదు. పెదనాయన దగ్గరికి పోయి చూసి, “ఇదేంది, నోరంతా పండ్లే. ముసిల్దో పడుసుదో తెల్డంలా,” అని దాన్ని కొట్టిపారేశాడు. అది ఆ గోడ మీద ఉన్నవాటిలోకెల్లా బలమైనది. అదృష్టవశాత్తూ మా వంతు వచ్చేదాకా ఎవరూ దాన్ని కోరుకోలేదు. నేను మూడు వారాలుగా దాని కలలు కంటున్నాను. “పెదనాయనా, అదే తీసుకుందాం,” అని చెవిలో చెప్పాను. “తోక సూడు. నేలకు ఈడుస్తాండాది. తోక ఈడ్సేది బరువు ఈడ్సదు,” అని ఆయన గదికంతా వినిపించేలా చెప్పి, భుజాలు బలిసిన ఒక నీలం రాకాసి మీద వేలు పెట్టాడు. దాన్ని ఎవరూ కోరుకోరని సీడీ అన్న గోడకు అడుగున, చీపురు పెట్టే మూల అంటించాడు.

తర్వాతి వంతు వచ్చినప్పుడు అసలు కష్టం మొదలైంది. పెదనాయన గోడకేసి చూసి, “దీని జత యాడ?” అన్నాడు. జత ఉండదని, అన్నీ ఒంటివేనని సీడీ అన్న చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఒంటిదాన్ని బరిలోకి దింపేవాళ్లు ఉంటారని ఆయన ఎన్నడూ వినలేదు. వెతికి వెతికి, దానికి దగ్గరి రంగూ దగ్గరి ఎత్తూ ఉన్న ఇంకో నీలందాన్ని పట్టాడు. ఆ తర్వాత ఒక బూడిదరంగు రాతి జత. ఆ తర్వాత ఒక మట్టిరంగు జత. రంగు అటూఇటుగా ఉందనిపిస్తే కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పోల్చి చూసేవాడు. నేను ఆయనకు ఈ ఆట మూలసూత్రం వివరించడానికి ప్రయత్నించాను. ఆరూ ఆరు రకాలుగా ఉండాలి, ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చాలి, ఒకే పోలికవి పెట్టుకుంటే ఒకే దెబ్బకు అన్నీ పడతాయి అని. ఆయన ఓపికగా విన్నాడు.

“నల్లదాన్నీ తెల్లదాన్నీ, పొట్టిదాన్నీ పొడుగుదాన్నీ ఒకే కాడికి యాడన్నా కడతారంట్రా?”

“ఇక్కడ కాడి లేదు పెదనాయనా.”

“కాడి లేని పందెం ఏం పందెంరా,” అని ఆయన తేల్చేశాడు. అంతమందిలో పెద్దాయన మాట కాదనడం నాకు చేతకాలేదు. మిగతా జట్లవాళ్లు ఆయన ఎంపికను తెగ మెచ్చుకున్నారు. వాళ్ల సంతోషానికి కారణం మా జట్టులో నాకొక్కడికే తెలుసు. నీటి జాతి, రాతి జాతి, మట్టి జాతి. మూడింటికీ పచ్చజాతి అంటే ప్రాణభయం. పచ్చజాతిలో మేటిది లెక్కల సారు చేతికి పోయింది.

సీజన్ మొదలైంది. మొదటి పందెంలో మా నీలం జతలో ఒకటి పడిపోగానే నేను రెండోదాన్ని దింపబోయాను. పెదనాయన నా మణికట్టు పట్టుకున్నాడు. “ఇంగ దాన్ని ఇప్పెయ్,” అన్నాడు. జతలో ఒకటి కూలబడితే రెండోదాన్ని కాడి నుంచి విప్పేయడం ఆయనకు తెలిసిన పద్ధతి. ఒంటిదాన్ని లాగమనడం పశువుకు అవమానం, రైతుకు పాపం. దాంతో మా ఆరు రాకాసులూ నిజానికి మూడే. మూడు పడగానే పెదనాయన లేచి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, ఎదుటి జట్టుకు నమస్కారం పెట్టి బయటికి పోయేవాడు. చెక్కుచెదరని మూడు రాకాసులు తెరమీద నిలబడి ఉండగానే మేము ఓడిపోయేవాళ్లం. ఇది కుదరదని చెప్పడానికి సీడీ అన్న నియమాలన్నీ తిరగేశాడు. ఉన్నవాటిని దింపి తీరాలని ఎక్కడా లేదు. అట్లాంటి అవసరం వస్తుందని ఆ నియమాలు రాసినవాడికి తట్టి ఉండదు.

ఓటములు వరసగా వచ్చాయి. ఒక్క గెలుపు మాత్రం దక్కింది, అది చాగలమర్రి జట్టు మీద. ఆళ్లగడ్డలో పందెం సగంలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ ఆడించాలని చాగలమర్రివాళ్లు, వచ్చే వారం చూద్దామని సీడీ అన్న. పెదనాయన గొంతు సవరించుకుని, బండలాగుడులో టైము అయిపోయినప్పుడు బండ ఎంతదూరం పోయిందో దాన్నిబట్టే గెలుపు అని వివరించాడు. కరెంటు పోయేసరికి వాళ్లవి రెండు పడ్డాయి, మాది ఒకటి పడింది. బయట గుమికూడిన రైతులు (అప్పటికి ఆళ్లగడ్డ పందేలకు నెట్ సెంటర్ ముందు చిన్న గుంపు చేరేది) “నాయమే కదప్పా పెద్దాయన చెప్తాండేది,” అన్నారు. అంతమంది అన్నాక సీడీ అన్నకు కూడా అది న్యాయమే అనిపించింది. ఆ సాయంత్రం పెదనాయన ఇంట్లో రెండోసారి సంగటి అడిగి పెట్టించుకున్నాడట. ఆ సంగతి చెప్పడానికి పెద్దమ్మ మా ఇంటిదాకా నడిచి వచ్చింది. “ఏం ఆటో ఏమో, మల్లా ఎప్పుడురా?” అని అడిగింది.

ఈలోగా కప్పు తయారైంది. సీడీ అన్న ఒక రాకాసి బొమ్మను ఆళ్లగడ్డ శిల్పికి ఇచ్చి రాతిలో చెక్కమన్నాడు. జీవితమంతా దేవుళ్లను చెక్కిన మనిషి ఆయన. “కాళ్లు యాడుండాయో తెల్డంలా, దీన్ని యాడ కూర్చోబెట్టల్ల?” అని రెండుసార్లు తిప్పి పంపి, చివరికి తన చేతికి వచ్చిందే చెక్కి ఇచ్చాడు. కాళ్లు ముడుచుకుని పడుకున్న నంది అది. ముఖంలో మాత్రం కొంచెం రాకాసితనం ఉంది. పెదనాయన దాని చుట్టూ తిరిగి, మూపురం ఒక వేలెడు ముందుకు పడిందని చెప్పాడు.

చివరి ఆదివారానికి లెక్క తేలిపోయింది. లెక్కల సారు అప్పటికే మొదటి స్థానంలో ఉన్నాడు. మేము ఆయన్ను గెలిస్తే చివరి స్థానం తప్పుతుంది, ఓడితే లీగులో మా చోటు పోతుంది. చోటు పోతే పెదనాయన ఆదివారాలు పోతాయి, కొట్టంలో మంచం ఇంకా అట్లాగే ఉంది, మిగిలిన ఎద్దు కూడా అట్లాగే ఉంది. కప్పు సంగతి నేను ఎప్పుడో మరిచిపోయాను. ఆరోజు మాకు ఎన్నడూ లేనంత అదృష్టం కలిసివచ్చింది. సారు ఐదు రాకాసులు పడ్డాయి. మావి మూడు పడ్డాయి, ఒక్కో జతలో ఒక్కొక్కటి. ఆయన దగ్గర మిగిలింది ఆ పచ్చది ఒక్కటే, అదీ కొనఊపిరితో. ఒక్క దెబ్బ తగిలితే చాలు. మా దగ్గర మూడు ఒంటివి, మూడూ నిండు బలంతో. పెదనాయన తుండుగుడ్డ దులపడానికి లేచాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. చదివిన నవలలన్నీ ఒక్కసారిగా నా నోట్లోకి వచ్చాయి. జత పోయిందని మిగిలింది ఆగిపోకూడదని, పోయినవాళ్లు కూడా మనం ఆగిపోవాలని కోరుకోరని, దుఃఖమంటే ఒక అలవాటేనని, దాన్ని మానుకోవడం మన చేతిలో ఉందని, ముందుకు నడవడమే జీవితమని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. గదిలో అందరూ తలలు దించుకుని విన్నారు. సీడీ అన్న కంట్లో నీళ్లు తిరిగినట్టు నాకు అనిపించింది (మానిటర్ వెలుతురు అయి ఉండవచ్చు). పెదనాయన కదలకుండా విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు:

“నీకు పెండ్లి అయిందా?”

“లేదు పెదనాయనా.”

“ఊఁ,” అన్నాడు. కాసేపు తెరమీది మూడు ఒంటి రాకాసులను చూశాడు. “సరే, అంత సదువుకున్నోనివి. పంపు సూస్తాం.”

మట్టిరంగుదాన్ని దింపాను. దాని దెబ్బ తప్పింది, పచ్చది ఒక్క దెబ్బతో దాన్ని పడేసింది. నీలందాన్ని దింపాను. అది చెయ్యి ఎత్తేలోపే పడింది. రాతిదాన్ని దింపాను. అది తన ఎత్తంత బండను ఎత్తి, గురిచూసి, పచ్చదాని పక్కన ఖాళీ జాగా మీద వేసింది. ఆ తర్వాత అదీ పడింది. నా ప్రసంగానికి ఆట ఇచ్చిన జవాబు అది. లెక్కల సారు లేచి వచ్చి, “ప్రతిసారీ తగిలే అవకాశమే ఎక్కువ తమ్ముడూ, లెక్క ప్రకారం మీరే గెలవాలి,” అని ఓదార్చాడు. లెక్క ప్రకారం గెలిచి ఆటలో ఓడినవాడికంటే ఎక్కువ ఏడుపు ఎవరికీ రాదు.

బస్సు సిరివెళ్ల దాటింది. పెద్దమ్మకు ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను. పెదనాయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు: “ఆ పచ్చది ఉండాదే, దాన్ని మనం మొదుట్నే పట్టల్సింది.”

“ఒక్కోటి ఒక్కో రకం ఉండాలని నేను ఎంపిక రోజే చెప్పాను కదా.”

“చెప్తివి. దానికి జత లేదంటిరే మల్ల.”

తర్వాతి ఆదివారం ఉదయం నేను భయపడుతూనే వాళ్లింటికి పోయాను. మంచం కొట్టం బయట నిలబెట్టి ఉంది. ఎద్దు లేదు. పెద్దమ్మ నామీద విరుచుకుపడింది. “ఏం చెప్పినావురా ఆయప్పకు? తెల్లారేసరికి ఎద్దును తోలుకోని చాగలమర్రి రోడ్డున పోయినాడంట. అమ్మేకి కాకుంటే ఒంటెద్దును తోలుకోని ఎవరన్నా యాడికి పోతారు?” దుఃఖం అలవాటేనని చెప్పింది నేనే కదా. ఎద్దును అమ్మేసి వచ్చి ఖాళీ కొట్టంలో కూర్చుంటే అప్పుడు ఏ నవలలోంచి ఏం చెప్పాలో నాకు తోచలేదు. పెద్దమ్మా నేనూ సాయంత్రందాకా అరుగు మీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం.

పొద్దువాలే వేళకు పెదనాయన వచ్చాడు. పక్కన తెల్ల ఎద్దు ఉంది. దాని ఎడమవైపు ఇంకొకటి ఉంది. నల్లది, మూరెడు పొట్టిది, ఒక కొమ్ము సగానికి విరిగినది. చాగలమర్రి దారిలో ఒక పల్లె రైతుదట. ఆయన జతలోనూ ఒకటి పోయిందట. రెండు ఒంటి ఎద్దులనూ పక్కపక్కన కట్టి, ఇద్దరు రైతులూ మధ్యాహ్నందాకా పొలంలో నడిపించి చూశాక, నల్లదాన్ని పెదనాయన కొనుక్కున్నాడట. పెద్దమ్మ ఆ నల్లదాన్ని తలనుంచి తోకదాకా చూసింది.

“ఏందబ్బా ఇది? దీనికీ దానికీ యాడ పోలికుండాది? ఊరు నగుతాది.”

“నగనీ,” అన్నాడు పెదనాయన. నావైపు గడ్డం ఎత్తి చూపించాడు. “వాడే చెప్పినాడు, ఒక్కోటి ఒక్కో రకం ఉండల్లని. అంత సదువుకున్నోడు ఉత్తగా చెప్తాడా?”

ఊరు నవ్వింది. కాడి ఒకవైపు వాలిపోయేది, చాళ్లు వంకర పోయేవి. పొట్టిదానివైపు కాడికింద గుడ్డల మడత పెట్టి ఎత్తు సరిచేసేవాడు. ఆ జత చాలా ఏళ్లు సేద్యం చేసింది, ఒక్క పందేనికీ పోలేదు. లీగులో చోటు పోతుందని నేను పడిన బాధంతా దండగే. రెండో సీజన్ జరగనే లేదు, ఆట సీడీ మీద గీతలు పడ్డాయి. లెక్కల సారు కప్పును బస్సులో మోయలేనని సెంటర్లోనే వదిలేశాడు. కొన్నాళ్లకు ఎవరో దానికి బొట్టు పెట్టారు, ఇంకెవరో పూలు పెట్టారు. దాని ముందు కూడా చెప్పులు విడవడం మొదలైంది.

పెదనాయన పోయి చాలాకాలమైంది, పెద్దమ్మ కూడా. ఇవన్నీ ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఉంది. నా భార్య పోయినప్పటినుంచి పలకరించడానికి చాలామంది వస్తున్నారు. మంచివాళ్లు. మొన్న ఒక కుర్రవాడు, మా దూరపు బంధువు, బాగా చదువుకున్నవాడు, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, ముందుకు నడవడమే జీవితం బాబాయ్ అని చాలాసేపు చెప్పాడు. చక్కగా చెప్పాడు, నాకంటే తక్కువ తప్పులతో. వింటూ ఉంటే ఇరవైరెండేళ్ల మనిషి ఒకడు, చెప్పులు బయట విడిచి, మౌసు చేత్తో పట్టుకుని, పెదనాయనకు దుఃఖం గురించి పాఠం చెబుతూ కనిపించాడు. పాపం, ముందురోజు నేర్చుకున్న పాఠమే. నవ్వు వచ్చింది. కుర్రవాడు తన మాటలు పనిచేశాయనుకుని సంతోషించాడు. లేచి టీ పెట్టుకొచ్చి ఇచ్చాను. రెండు కప్పులు తెచ్చాను, రెండూ వేరువేరు సెట్లవి. అతను తాగేదాకా ఆగి అడిగాను:

“నీకు పెండ్లి అయిందా?”